సైతాను, శిలువ, యాకూత్: ఆఫ్రికా అధ్యయనాల్లో తెలుగు విమర్శకు ఉన్న పని

ఉపోద్ఘాతం

దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలోని ఆరవ ప్రకరణం భాషలకు సంబంధించింది. అధికార భాషలను పేర్కొన్న తరువాత, ఆ దేశంలోని వివిధ సమాజాలు వాడుకొనే ఇతర భాషల పట్ల కూడా గౌరవం పెంపొందించాలని ఆ ప్రకరణం చెబుతుంది. ఉదాహరణగా ఇచ్చిన పేర్లలో గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగు ఉంది. ఇంగ్లీషు వర్ణక్రమంలో ఒక అచ్చు మారి 'తెలెగు' అని అచ్చయింది. అచ్చు మారినా, ఒక ఆఫ్రికా దేశపు రాజ్యాంగంలో పేరు దక్కిన భాష మనది. ఆఫ్రికా అధ్యయనాలు అనే విద్యారంగంలో మాత్రం ఆ భాషకు ఇంతవరకు చెప్పుకోదగిన చోటు లేదు. ఈ వైరుధ్యం ఎందుకు ఏర్పడింది, దీన్ని సరిదిద్దడంలో తెలుగు శాఖలు చేయవలసిన పని ఏమిటి అన్నది ఈ వ్యాసంలోని పరిశీలన.

మన దేశంలో ఆఫ్రికా అధ్యయనాలు 1955లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక శాఖగా రూపుదిద్దుకొన్నాయి. 1971లో బొంబాయి విశ్వవిద్యాలయం ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. కొత్తగా స్వాతంత్ర్యం పొందుతున్న దేశాలతో మైత్రి, అక్కడ స్థిరపడిన భారతీయుల స్థితిగతులు ఈ చదువుకు తొలి ప్రేరణలు. కనుక రాజనీతి, చరిత్ర, అర్థశాస్త్రాలు ఇందులో ముందు వరుసలో నిలిచాయి. సాహిత్యం ఆ తరువాత ఇంగ్లీషు శాఖల ద్వారా వచ్చి చేరింది. దేశభాషా శాఖలు ఈ క్రమంలో ఎక్కడా కనిపించవు.

తార్నాక ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆఫ్రికా అధ్యయనాల మీద జరిగిన సదస్సుకు తెలుగు పరిశోధక విద్యార్థిగా హాజరైనప్పుడు ఈ లోటు ప్రత్యక్షంగా తెలిసింది. పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉండటం విశేషం కాదు. తెలుగులో ఆఫ్రికా గురించి ఏముంది అన్న ప్రశ్న వచ్చినప్పుడు నాలుగైదు అనువాదాల పేర్లు చెప్పి ఊరుకోవలసి రావడం విశేషం. ఆ జాబితా అబద్ధం కాదు. అయితే అనువాదాల జాబితా చెప్పినంత మాత్రాన ఒక భాషకు మరో ఖండంతో ఉన్న సంబంధం తెలిసినట్లు కాదు. ఆ అనువాదాలను విమర్శ చదవాలి. అవి రాకముందే ఇక్కడికి చేరిన ఆఫ్రికాను కూడా చదవాలి. ఈ రెండు పనులూ కలిస్తేనే ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

తెలుగులోకి వచ్చిన ఆఫ్రికా

1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తన తొలినాళ్ల ప్రచురణలతోనే నల్లజాతి అనుభవాన్ని తెలుగు పాఠకుల ముందుకు తెచ్చింది. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన 'రూట్స్' సహవాసి అనువాదంలో 'ఏడు తరాలు' అయింది. చినువా అచెబె 1958 నాటి నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' ఎం.వి. చలపతిరావు అనువాదంలో 'చెదిరిన సమాజం' అయింది. కెన్యా రచయిత గూగీ వా థియాంగో నవలను, జైలు జ్ఞాపకాలను వరవరరావు తాను జైలులో ఉన్న కాలంలో తెలుగు చేశారు. అవి 'మట్టికాళ్ళ మహారాక్షసి', 'బందీ' పేర్లతో వెలువడ్డాయి.

ఈ నాలుగు పుస్తకాల పుట్టుకలో ఒక పోలిక ఉంది. ఇవేవీ విశ్వవిద్యాలయాల పాఠ్య అవసరాల కోసం వచ్చినవి కావు. ఉద్యమాలతో సంబంధం ఉన్న అనువాదకులు, చిన్న ప్రచురణ సంస్థలు వీటిని తెచ్చారు. బానిసత్వం, వలస పాలన, స్వాతంత్ర్యానంతర దోపిడీ, రాజకీయ నిర్బంధం అనే అంశాలు ఇక్కడి పాఠకులకు తమ సొంత అనుభవాలుగా తోచాయి. 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట' నాటికి తెలుగు దళిత సాహిత్యం బలమైన స్వరమైంది. ఆ వాతావరణంలో నల్లజాతి సాహిత్యాన్ని తోబుట్టువుగా చూడటం సహజంగా స్థిరపడింది.

ఈ చదువు వల్ల కలిగిన మేలు తక్కువది కాదు. ఆఫ్రికా అనగానే అడవి, మృగాలు, ఆకలి అనే బొమ్మలు తెలుగు పత్రికల్లో మెదిలే కాలంలో అక్కడి మనుషులను చరిత్ర నిర్మాతలుగా పరిచయం చేసినవి ఈ పుస్తకాలే. అయితే ఈ చదువులో ఒక పరిమితి కూడా ఉంది. ఆఫ్రికాలో మనల్ని మనం చూసుకోవాలన్న ఆత్రంలో మనకు సరిపోలని అంశాలు పక్కకు తప్పుకొన్నాయి. సరిపోలే అంశాలలో కూడా, లోతైనవి కొన్ని కంటికి ఆనలేదు. రెండు శీర్షికలను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

శీర్షికల సాక్ష్యం

'చెదిరిన సమాజం' అన్న శీర్షికను ముందుగా చూద్దాం. అచెబె తన శీర్షికను ఐరిష్ కవి యేట్స్ కవిత నుంచి తీసుకొన్నాడు. వలస సాహిత్యంలోని మాటతోనే వలస చేసిన విధ్వంసాన్ని చెప్పడం అందులోని వ్యంగ్యం. తెలుగులో ఆ ప్రతిధ్వని పలకడం సాధ్యం కాదు. అందుకు అనువాదకుడిని తప్పుపట్టనక్కరలేదు. ఆలోచించవలసింది 'సమాజం' అన్న మాట గురించి. మూల శీర్షికలో ఆ మాట లేదు. తెలుగు శీర్షిక ఒక నిండు సమాజం ఉండేదని, అది చెదిరిపోయిందని చెబుతుంది. నవల చెప్పే కథ అంత సూటిది కాదు.

నవలలోని మ్బాంటా గ్రామంలో 'ఒసు' అనే వారున్నారు. దేవతకు అంకితమైన వంశాలు అవి. ఇతరులతో పెళ్లి సంబంధాలు లేవు, గ్రామసభలో చోటు లేదు, చచ్చాక పూడ్చేందుకు కూడా వేరే తావే. మిషనరీలు వచ్చినప్పుడు చర్చిలోకి ముందుగా నడిచిన వారిలో వీరున్నారు. ఒకొంక్వోకు కూలిపోతున్నట్లు కనిపించిన లోకం ఒసులకు తలుపు తెరుచుకొన్నట్లు కనిపించింది. 1878లో ఒంగోలు పరిసరాల్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారి వద్ద వేల సంఖ్యలో మాదిగలు బాప్తిస్మం తీసుకొన్నారు. జులై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకొన్నారని మిషన్ చరిత్ర చెబుతుంది. ఈ చరిత్ర తెలిసిన తెలుగు పాఠకుడికి ఒసుల ఘట్టం అపరిచితం కాదు. ఇంగ్లండులోనో అమెరికాలోనో కూర్చొని చదివే విమర్శకుడికి వివరణ అవసరమయ్యే చోట, తెలుగు పాఠకుడు మారుమాట లేకుండా అర్థం చేసుకోగలడు. కాని 'సమాజం' అన్న ఏకవచనం ఆ ఘట్టాన్ని నీడలోకి నెట్టింది. ఎవరి సమాజం చెదిరింది అన్న ప్రశ్న మన విమర్శ అడగవలసిన ప్రశ్న. దళిత విమర్శ మన గ్రామాన్ని గురించి ఈ ప్రశ్నను ఎప్పుడో వేసింది. అదే ప్రశ్నతో ఉముఓఫియాను చదివితే నవలకు కొత్త తెలుగు పఠనం దొరుకుతుంది.

రెండవది 'మట్టికాళ్ళ మహారాక్షసి'. ఈ నవల పుట్టుక ప్రసిద్ధం. కమిరీతు గ్రామస్థులతో కలిసి గికుయు భాషలో నాటకం ఆడించినందుకు గూగీని 1977 డిసెంబరు ఆఖరున కెన్యా ప్రభుత్వం విచారణ లేకుండా నిర్బంధించింది. కమిటి జైలులో ఆయన మరుగుదొడ్డి కాగితాల మీద ఈ నవల రాశాడు. 1980లో గికుయులో అచ్చయింది. 1982లో ఆయనే ఇంగ్లీషు చేశాడు. తెలుగు అనువాదం ఆ ఇంగ్లీషు నుంచి వచ్చింది.

గికుయు శీర్షిక 'శైతాని ముథరబా-ఇని'. సదస్సు విరామ సమయంలో తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఈ శీర్షికను పైకి చదివాడు. తెలుగు చెవికి అందులోని మొదటి మాట వెంటనే తెలిసిపోయింది. 'శైతాని' మన 'సైతాను'. అరబ్బీ 'షైతాన్' తూర్పు తీరంలో స్వాహిలీకి, అక్కడి నుంచి గికుయుకు చేరింది. అదే మాట ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగుకు వచ్చింది. రెండవ మాట 'ముథరబా' స్వాహిలీ 'మ్సలబా'కు గికుయు రూపం. దాని మూలం అరబ్బీ 'సలీబ్'. సిరియా క్రైస్తవుల భాషలోని 'స్లీబా'కు చుట్టమైన ఈ మాటే దక్షిణ భారతంలో 'శిలువ' అయింది. చివర ఉన్న 'ఇని' నామవాచకానికి వెనుక చేరే స్థానసూచక ప్రత్యయం. మన 'పై', 'లో' చేసే పని అది చేస్తుంది. అంటే 'శైతాని ముథరబా-ఇని' అన్న శీర్షిక 'సైతాను శిలువపై' అన్న తెలుగు పదబంధానికి మాటకు మాట, ప్రత్యయానికి ప్రత్యయంగా సరిపోతుంది. ఇంగ్లీషులో స్థానసూచకం ముందుకు రావలసి ఉంటుంది. తెలుగులో ఆ అవసరం లేదు.

ఇది యాదృచ్ఛికమైన ముచ్చట అని తోసివేయడానికి వీల్లేదు. స్వాహిలీలో న్యాయవాది 'వకీలి', అంగడి 'దూకా', మందు 'దవా', లోకం 'దునియా', భీమా 'బీమా'. తెలంగాణ పల్లెలో ఈ మాటలు విని అర్థం చేసుకోని వారు అరుదు. హిందూ మహాసముద్రం మీద శతాబ్దాలుగా సాగిన వర్తకం, మతం, సైనిక వలసలు రెండు తీరాల భాషల్లోనూ ఒకే మాటలను వదిలి వెళ్లాయి. ఇంగ్లీషు మీదుగా అనువాదం చేసినప్పుడు ఈ బంధుత్వం కనబడదు. 'డెవిల్', 'క్రాస్' అన్న మాటలను చూస్తున్న అనువాదకుడికి వాటి వెనుక సైతాను, శిలువ ఉన్నాయని తెలిసే దారి లేదు. ఇంగ్లీషు మనల్ని ఆఫ్రికాకు చేర్చింది నిజమే. చేరుస్తూ, అంతకు ముందున్న సముద్రపు దారిని మరుగుపరచింది.

తెలుగు శీర్షిక అర్థంలో తెచ్చిన మార్పు కూడా ఆలోచించదగింది. మట్టికాళ్లు అన్న ఉపమానం బైబిలులోని దానియేలు గ్రంథానిది. పైకి భయంకరంగా ఉన్నా పునాది బలహీనం, కూలడం ఖాయం అన్నది దాని సారం. నవలలో కథానాయిక వారీంగాకు వచ్చే పీడకల వేరు. చింకిబట్టల జనం సైతానును శిలువ వేస్తారు. మూడు రోజులకు సూట్లు తొడిగిన పెద్దమనుషులు వచ్చి ఆ సైతానును కిందికి దించి బతికిస్తారు. 1963లో కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చాక దోపిడీ స్వదేశీ చేతుల్లో తిరిగి లేచి నిలబడిన తీరు ఇందులో ఉంది. సైతాను శిలువ మీద ఉన్నాడు. చస్తాడా, దింపుకొంటారా అన్నది తేలలేదు. గికుయు శీర్షిక ఆ సందిగ్ధ క్షణాన్ని పట్టుకొంటుంది. తెలుగు శీర్షిక ఫలితాన్ని ముందే ప్రకటిస్తుంది. నిర్బంధంలో ఉన్న అనువాదకుడు ఆశను ఎంచుకోవడంలోని ఔచిత్యాన్ని గౌరవించాలి. విమర్శ మాత్రం నవల ఆ ఆశను అంత సులభంగా ఇవ్వలేదని గుర్తించాలి.

ఈ నవల కథకుడు 'గిచాండి' గాయకుడు. సొరబుర్రతో చేసి, పైన గుర్తులు చెక్కిన వాద్యాన్ని ఆడిస్తూ పొడుపుల రూపంలో పాడే కళాకారుడు. బుర్రకథలోని 'బుర్ర' ఎక్కడిదో తెలిసిన తెలుగు విమర్శకు గిచాండిని చదివే సరంజామా ఇంట్లోనే ఉంది. శారదకథ, ఒగ్గుకథల కథన నిర్మాణం మీద మన శాఖల్లో జరిగిన పరిశోధన ఈ నవల నిర్మాణాన్ని వివరించగలదు. ఆ దిశలో తులనాత్మక పరిశీలన జరగవలసి ఉంది.

పేరు పెట్టే అధికారం

తెలుగులోకి వచ్చిన ఈ పుస్తకాలన్నింటినీ కలిపే సూత్రం ఒకటుంది. అది పేరు. 'ఏడు తరాలు'లో కుంటా కింటేకు యజమానులు 'టోబీ' అన్న పేరు తగిలిస్తారు. ఏడు తరాల కథ ఆ పోయిన పేరును వెతకడమే. గూగీ తొలి నవలలు 'జేమ్స్ గూగీ' అన్న పేరుతో వచ్చాయి. తరువాత ఆయన ఆ క్రైస్తవ నామాన్ని వదులుకొన్నాడు. అచెబె నవల చివర జిల్లా అధికారి తాను రాయబోయే పుస్తకంలో ఒకొంక్వో చావుకు ఒక పేరా కేటాయించవచ్చునని అనుకొంటాడు. అంతవరకు మనం చదివిన మనిషి ఆ పేరాలో పేరు లేని ఒక స్థానికుడు అవుతాడు.

ఈ సూత్రంతో మన నగరాన్ని చదవవచ్చు. తార్నాకకు ఆనుకొని ఉన్న పేట హబ్సిగూడ. అబిసీనియాను అరబ్బీలో 'హబష్' అన్నారు. అక్కడి నుంచి వచ్చిన వారు హబ్షీలు. 'గూడ' తెలుగు. ఊరిపేరులో సగం ఆఫ్రికా, సగం తెలుగు. నామవిజ్ఞానంలో ఇంటిపేర్లు, ఊరిపేర్ల మీద మనకు గట్టి పరిశోధన సంప్రదాయం ఉంది. హబ్సిగూడ వంటి సంకర నామాలను ఆ సంప్రదాయం తన పరిధిలోకి మరింత శ్రద్ధగా తెచ్చుకోవాలి. పాతనగరం అంచున సిద్దిఅంబర్ బజారు ఉంది. 'సిద్ది' కూడా ఆఫ్రికా మూలాల వారిని సూచించే మాట. 'అంబర్' ఒక పరిమళ ద్రవ్యం పేరు. దక్కను చరిత్రలో మొఘలులను ఎదిరించి నిలిచిన అహమ్మదునగరు సేనాని మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టినవాడు. అతని అసలు పేరు చాపు అని చరిత్రకారులు చెబుతారు. చేతులు మారుతూ బానిసగా వచ్చినవాడికి 'అంబర్' అన్నది కొన్నవారు పెట్టిన పేరు. బానిసలకు రత్నాల పేర్లు, పరిమళాల పేర్లు పెట్టడం ఆనాటి వాడుక. యజమానికి ఇష్టమైన వస్తువు పేరు మనిషికి వచ్చింది.

తార్నాక నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో మౌలాలి గుట్ట ఉంది. ఆ గుట్ట మీది దర్గాకు సంబంధించిన ప్రసిద్ధ కథనం కుతుబ్ షాహీల కాలానిది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని యాకూత్ అనే నపుంసక సేవకుడికి కలలో హజ్రత్ అలీ కనిపించాడని, తెల్లవారి గుట్ట ఎక్కి చూస్తే రాతి మీద చేతిముద్ర కనిపించిందని ఆ కథనం. యాకూత్ అంటే కెంపు. కథనం మాత్రాన అతణ్ణి హబ్షీ అని తేల్చడం పరిశోధన పద్ధతి కాదు. ఆ పేరు ఇతర ప్రాంతాల బానిసలకూ ఉంది. గమనించవలసింది పేరు స్వభావం. లక్షల మంది భక్తులు ఎక్కిన గుట్టను తొలుత కలగన్న మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆ కథలో లేదు.

అదే ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు సాహిత్య చరిత్రలో మల్కిభరాముడు. అద్దంకి గంగాధర కవి 'తపతీసంవరణోపాఖ్యానము' అంకితం పొందిన ప్రభువు. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చిన అమీనుఖాను ఆ కాలపు అధికారి. ఈ కొలువు గురించి తెలుగు విద్యార్థి ఇంతవరకు బాగా చదువుకొంటాడు. ఆ కొలువులోనే యాకూత్ వంటి వారూ ఉన్నారన్నది అతని పాఠ్యపుస్తకంలో ఉండదు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాల వర్ణనల నుంచి తిండి, బట్ట, ఆట, వ్యాపారం వంటి వివరాలు ఏరి జనచరిత్ర కట్టారు. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ఆ గ్రంథం మనకు ఒక పద్ధతిని ఇచ్చింది. కుతుబ్ షాహీ, అసఫ్ జాహీ కాలాల తెలుగు రచనలను, కైఫీయతులను, సంస్థానాల పత్రాలను ఆఫ్రికా మూలాల మనుషుల జాడ కోసం ఆ పద్ధతిలో తిరిగి చదవవచ్చు.

సంస్థానం అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అన్న పేటపేరుకు విస్తరణ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాము అంగరక్షక అశ్వదళంలోని సిద్దీలు నివసించిన చోటు అది. వనపర్తి సంస్థానాధీశులు పోషించిన ఆఫ్రికన్ దళం నిజాము కొలువుకు మారడంతో దీనికి బీజం పడిందని చరిత్రలో చెబుతారు. ఆ దళం 1948 తరువాతి మార్పుల్లో రద్దయినా, ఆ కుటుంబాల వారసులు నగరంలో ఉన్నారు. పెళ్లి ఊరేగింపుల్లో, ఉత్సవాల్లో మోగే మరఫా వారి వారసత్వంలో, యెమెన్ అరబ్బుల వారసత్వంలో భాగం. వనపర్తి తెలుగు సాహిత్య పోషణకు పేరొందిన పాలమూరు సంస్థానాల్లో ఒకటి. తూమాటి దొణప్ప 'ఆంధ్ర సంస్థానములు – సాహిత్య పోషణము' వంటి ప్రామాణిక పరిశోధన మనకుంది. 1934 నాటి 'గోలకొండ కవుల సంచిక' 354 మంది కవులను ఒకచోట చేర్చింది. సంస్థాన సాహిత్యం మీద ఇంత శ్రమ పడిన తెలుగు పరిశోధన అదే కోటల్లో కాపలా కాసిన మనుషుల గురించి అడగలేదు. కవి పేరు, కృతిభర్త పేరు దొరికాక మన వెతుకులాట ఆగిపోయింది. ఏడు తరాల పేరు వెతికిన నవలను ప్రేమించిన పాఠక సమాజం ఇక్కడి పేర్ల దగ్గర ఆగిపోవడం ఆలోచించవలసిన విషయం.

రెండు విశ్వవిద్యాలయాలు, ఒక ప్రశ్న

1968 అక్టోబరులో నైరోబీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ గూగీ, హెన్రీ ఒవూర్-అన్యుంబా, తబాన్ లో లియాంగ్ అనే ముగ్గురు అధ్యాపకులు ఇంగ్లీషు శాఖను రద్దు చేసి ఆఫ్రికా సాహిత్య భాషల శాఖను పెట్టాలని ప్రతిపాదించారు. ఆఫ్రికా కేంద్రంగా ఉండాలి, మౌఖిక సాహిత్యం పునాదిగా ఉండాలి, మిగిలిన ప్రపంచ సాహిత్యం దాని చుట్టూ అమరాలి అన్నది వారి వాదం. తెలుగు మాధ్యమం గురించి చర్చ వచ్చినప్పుడు గూగీని తోడు తెచ్చుకోవడం మనకు సులువు.

అయితే ఈ ప్రాంగణాల చరిత్ర ఆ సులువును ఒప్పుకోదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాష అయిన ఉర్దూ మాధ్యమంగా ప్రారంభమైంది. అంతకు ముందే ఏర్పడిన అనువాద సంస్థ శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. నైరోబీ ప్రతిపాదనకు అర్ధశతాబ్దం ముందు ఇంగ్లీషును పక్కకు పెట్టిన విశ్వవిద్యాలయం ఇది. అయినా రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. ఇంగ్లీషు తొలగినంత మాత్రాన జనభాష సింహాసనం ఎక్కదన్న పాఠం ఇక్కడ ఉంది. 1948 తరువాత ఉర్దూ తొలగినప్పుడు దాని స్థానంలో ఇంగ్లీషు వచ్చిందన్నది రెండో పాఠం. గూగీ వాదానికి ఉస్మానియా అనుభవం సమర్థనా అవుతుంది, హెచ్చరికా అవుతుంది. ఈ అనుభవాన్ని ఆఫ్రికా అధ్యయనాల ముందు పెట్టగలిగినది ఈ నేల చరిత్ర తెలిసిన వారే.

మౌఖిక సాహిత్యం విషయంలో కూడా మనం చేయి చాచి తీసుకోవలసిన వారమే కాదు, ఇవ్వగలిగిన వారం. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో డాక్టరేటు పొందినది 1956లో. నైరోబీ ప్రతిపాదనకు అది పన్నెండేళ్లు ముందు. తేడా ఒకటుంది. నైరోబీ వారు మౌఖిక సాహిత్యాన్ని పాఠ్యప్రణాళికకు కేంద్రం చేయాలన్నారు. మనం దానికి ఒక ప్రశ్నపత్రం కేటాయించి, కావ్యాన్ని యథాస్థానంలో ఉంచాం. మన ఘనతను, మన సంకోచాన్ని పక్కపక్కనే చూపే పోలిక ఇది.

ఆఫ్రికాలో ఈ చర్చకు రెండో పక్షం ఉంది. 1962 మకెరెరె రచయితల సమావేశం తరువాత ఓబి వాలి ఇంగ్లీషు రచనకు భవిష్యత్తు లేదన్నాడు. అచెబె ఇంగ్లీషును తన అనుభవానికి లొంగదీసుకొంటానన్నాడు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వు వచ్చింది; 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ వివాదంలో భాషాభిమానుల ఆవేదన వినిపించింది. ఇంగ్లీషు చదువు ఇంతకాలం ఎవరి పిల్లలకు దక్కింది అన్న బహుజన ప్రశ్న కూడా వినిపించింది. ఒసుల దృష్టితో 'చెదిరిన సమాజం' చదివిన వారికి ఈ రెండో ప్రశ్న తీవ్రత తెలుస్తుంది. గూగీని నినాదంగా, అచెబెను లొంగుబాటుగా చూసే చదువు మన చర్చకు మేలు చేయదు. గూగీ తన గికుయు నవలను తానే ఇంగ్లీషు చేశాడని, ఆ ఇంగ్లీషు వల్లనే తెలుగు వారికి అందాడని మరవకూడదు.

ఆఫ్రికాలోని తెలుగు

1860 నవంబరులో మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ నేటాల్ తీరం చేరింది. 1911 వరకు ఒప్పంద కూలీలుగా లక్షన్నరకు పైగా భారతీయులు అక్కడికి వెళ్లారు. విశాఖ, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగు వారు వారిలో ఉన్నారు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. అంతకు ముందే కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన వారికి ఆ రేవు పేరే జాతిపేరుగా స్థిరపడింది. అక్కడి ఆంధ్ర మహాసభ 1946 నాటిది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగాయి.

ఈ సమాజాలను మనం 'ప్రవాసాంధ్రులు' అన్న శీర్షిక కింద చదువుతాం. తెలుగు ఎంత నిలబడింది, ఎంత పోయింది అన్నది ఆ చదువులోని ప్రధాన ప్రశ్న. నాలుగైదు తరాలుగా ఆఫ్రికాలో పుట్టి, అక్కడి వర్ణవివక్ష చట్టాల కింద బతికి, జూలూ, క్రియోల్ మాటల మధ్య పెరిగిన మనుషులను మనం పోగొట్టుకొన్న బంధువులుగానే చూస్తున్నాం. హైదరాబాదు సిద్దీలు దక్కను మనుషులైనట్లే నేటాల్ తెలుగువారు ఆఫ్రికా మనుషులు. ఈ రెండు సమూహాలను ఒకే చట్రంలో పెట్టి చూసినప్పుడు మూలభాష పోవడం, పాట మిగలడం, పేర్లు మారడం వంటి పరిణామాలు రెండు తీరాల్లో ఎలా జరిగాయో పోల్చవచ్చు.

తెలుగు శాఖలకు ఆఫ్రికా అధ్యయనం ఎందుకు, ఉన్న పనే పూర్తి కాలేదు కదా అన్న అభ్యంతరం రావచ్చు. స్వాహిలీ, గికుయు తెలియకుండా చేసే పరిశోధన ఎంతవరకు నిలుస్తుందన్న సందేహం మరింత బలమైనది. మొదటిదానికి సమాధానం పైన చూపిన అంశాల్లోనే ఉంది: హబ్సిగూడ, వనపర్తి, మల్కిభరాముడి కొలువు, నేటాల్ తెలుగు మన పరిశోధన పరిధికి బయటివి కావు. రెండో సందేహాన్ని కాదనలేం. అయితే హైదరాబాదు విశ్వవిద్యాలయాల్లో ఆఫ్రికా దేశాల విద్యార్థులు ఏళ్ల తరబడి చదువుతున్నారు. తార్నాక, హబ్సిగూడ చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకొని ఉంటున్నారు. అద్దె ఇళ్ల దగ్గర వారి రంగును చూసి తలుపులు వేసే మనుషులు కూడా ఇక్కడే ఉన్నారు. 'ఏడు తరాలు' చదివి కన్నీరు పెట్టిన భాష, ఆ కథలోని ఖండం నుంచి వచ్చిన పొరుగువారితో ఎలా మాట్లాడుతుందన్నది సాహిత్యం బయటి ప్రశ్న కాదు.

ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి. తెలుగులోకి వచ్చిన ఆఫ్రికా సాహిత్యాన్ని ఉద్యమాలు తెచ్చాయి. దాన్ని విమర్శనాత్మకంగా చదివే బాధ్యతను విశ్వవిద్యాలయాలు తీసుకోలేదు. ఇంగ్లీషు మీదుగా సాగిన అనువాదం హిందూ మహాసముద్రం కలిపిన పద బంధుత్వాన్ని మరుగుపరచింది. సంస్థాన సాహిత్య పరిశోధన, నామవిజ్ఞానం, జానపద పరిశోధన అనే మన సొంత రంగాలకు ఆఫ్రికా అధ్యయనాలతో నేరుగా పని ఉంది.

ఇందుకు తొలి అడుగులు ఖర్చుతో కూడినవి కావు. తులనాత్మక సాహిత్య పత్రంలో 'మట్టికాళ్ళ మహారాక్షసి'ని గికుయు తెలిసిన విద్యార్థుల సాయంతో మూలంతో పోల్చి చదివించవచ్చు. వనపర్తి, గద్వాల సంస్థానాల పత్రాల్లో హబ్షీ, సిద్ది ప్రస్తావనలతో ఒక పదసూచి తయారు చేయడం ఒక పరిశోధక విద్యార్థి చేయగలిగిన పని. ఏ.సి. గార్డ్స్ పెద్దల జ్ఞాపకాలను, మరఫా పాటలను వారి అనుమతితో రికార్డు చేసి పెట్టడం ఆలస్యం చేయకూడని పని. ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా, తెలుగులో ఆఫ్రికా గురించి ఏముంది అన్న ప్రశ్నకు అనువాదాల జాబితాను దాటిన జవాబు ఇవ్వగలుగుతాం.